తాత కొక్కెం, బీచ్ రోడ్డు మ్యూజియం

మా ఇంట్లో పెరటి తలుపు వెనక ఒక ఇనుప కొక్కెం ఇప్పటికీ మేకుకు వేలాడుతూ ఉంటుంది. జానెడు పొడవున్న ఆ కొక్కెం మొన తేలు కొండిలా లోపలికి వంగి ఉంటుంది. దానికి అడ్డంగా బిగించిన పిడి టేకు చెక్కది. పిడికిలి బిగిస్తే కొక్కెం కాడ మధ్యవేలికీ ఉంగరపు వేలికీ నడుమ నుంచి బయటికి వస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా ఒకే చేయి పట్టుకున్నందువల్ల ఆ పిడి మీద నాలుగు వేళ్ల చోటా నాలుగు పల్లాలు పడ్డాయి. కాడకు అటూ ఇటూ ఉన్న రెండూ మిగిలిన వాటికన్నా లోతుగా ఉంటాయి. మా తాత విశాఖపట్నం హార్బరులో కలాసీగా పనిచేశాడు. ఓడ కడుపులోంచి గోనె బస్తాను వీపు మీదికి లాక్కోవాలన్నా, క్రేను వలలోకి దొర్లించాలన్నా ఆ రోజుల్లో కలాసీకి ఇదే ఆధారం. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియానికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ నేను ఇంటికి రాగానే తలుపు వెనక్కి ఒకసారి తొంగి చూస్తాను.

ఆ మ్యూజియాన్ని 1991 అక్టోబరు 8న ప్రారంభించారు. ఆ ఏడాది నేను పదో తరగతి. అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయాక ఒక ఆదివారం పొద్దున్నే తాత ఉతికిన పంచె కట్టుకుని, "సముద్రం సామాన్లన్నీ ఒకకాడ పెట్టినారట, పద సూసొద్దుం" అని నన్ను బయలుదేరదీశాడు. మా ఇల్లు వన్ టౌనులో, కోట వీధికి దగ్గర. అక్కడి నుంచి కోస్టల్ బ్యాటరీ మీదుగా సముద్రాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని నడిస్తే ఎంత దూరం నడిచామో తెలియదు. దారి పొడవునా తాత వెనక్కి తిరిగి యారాడ కొండను చూస్తూనే ఉన్నాడు. హార్బరు పనివాళ్లకు ఆ కొండే గడియారం, అదే వాతావరణ సూచన. కొండ తల మీద మబ్బు కూర్చుంటే ఆ రోజు బస్తాల పని ఉండదని పొద్దున్నే తేల్చేసేవారు.

మ్యూజియం ఉన్నది పాత డచ్చి బంగళాలో. నూటయాభై ఏళ్ల కట్టడమని చెబుతారు. డచ్చివాళ్లు భీమునిపట్నంలో కోటా గిడ్డంగులూ కట్టుకుని ఈ తీరంలో బట్టల వ్యాపారం చేసిన సంగతి పాఠంలో చదువుకున్నాను గానీ, డచ్చి పేరున్న ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. లోపలికి అడుగు పెట్టగానే బయటి ఎండకు చెమర్చిన వీపు చల్లబడింది. ఒక వైపున ఉత్తరాంధ్ర జమీందారీ కుటుంబాల సామగ్రి: నిలువెత్తు చిత్రపటాలు, కత్తులు, తుపాకులు, పింగాణీ పళ్లాలు, పట్టుబట్టలు, నగలు, నాణేలు, పాత ఉత్తరాలు, పటాలు, గడ్డి కూరి నిలబెట్టిన అడవి జంతువులు. నేను ఆ జంతువుల దగ్గరే ఆగిపోయాను. పదో తరగతి పిల్లకు అంతకు మించిన ఆకర్షణ ఏముంటుంది? తాత మాత్రం కత్తులనూ పళ్లాలనూ దేవుడి గదిలో ప్రదక్షిణం చేసినట్టు మౌనంగా చుట్టి వచ్చి, ఒకచోట నిలబడిపోయాడు. ఎంతసేపటికీ కదలకపోయేసరికి నేనే దగ్గరికి వెళ్లాను.

ఆయన ముందు ఉన్నది రెండో ప్రపంచ యుద్ధంలో జపాను విమానం విశాఖపట్నం మీద వేసిన బాంబు. పేలకుండా మిగిలిపోయినది. మొద్దుగా, చిన్న ఇనుప పీపాను సాగదీసినట్టు ఉంది. నాకు నిరాశగా అనిపించింది. బాంబు అంటే ఇంకా భయంకరంగా ఉంటుందని అనుకున్నాను. తాత దాన్ని చూస్తూ, "ఇదేనా?" అన్నాడు. నన్ను అడగలేదు, తనలో తను అనుకున్నాడు.

1942 ఏప్రిల్ 6న రియూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదికి వచ్చాయి. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. హార్బరు దగ్గర బాంబులు వేశాయి. అప్పటికి తాతకు పదమూడేళ్లు. ఆయన అమ్మ అన్నం కుండను పొయ్యి మీద నుంచి దించి, అలాగే వేడి వేడి కుండను గుడ్డలో మూటగట్టి నెత్తిన పెట్టుకుని, ముగ్గురు పిల్లలనూ తోలుకుంటూ చోడవరం దారి పట్టిందట. ఊరు ఊరంతా రోడ్ల మీదే. ఎడ్లబండి ఉన్నవాడు మహారాజు. "అమ్మ నెత్తి కాలిపోయి బొబ్బలెక్కింది, గానీ కుండ దించలేదు" అని తాత చెప్పినప్పుడల్లా మామ్మ కళ్లు తుడుచుకునేది. పెద్ద పెద్ద బంగళాల వాళ్లు సైతం ఇళ్లకు తాళాలు వేసి వెళ్లిపోయిన ఆ ఊళ్లోకి, కూలి లేకపోతే గడవని వాళ్లే ముందుగా తిరిగి వచ్చారు. మా కుటుంబం అందులో ఒకటి. ఇన్నేళ్లుగా కథలా విన్న ఆ రోజు తాలూకు ఇనుము, తాత కళ్లెదుట కదలకుండా పడి ఉంది.

అక్కడే, ఆ బాంబు ముందే, తాత నాతో అన్న మాట నేను ఇన్నేళ్లుగా మోసుకు తిరుగుతున్నాను. "ఆలే బాంబులేసినారు, తరవాత ఆల ఓడలకే రాయి ఎత్తినాం." ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. రాయి అంటే ఖనిజం. విశాఖ హార్బరు పుట్టిందే ఖనిజం కోసం. మధ్య పరగణాల మాంగనీసును సముద్రం మీదికి చేర్చడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే పూనుకుని, మేఘాద్రి గెడ్డ కలిసే ఉప్పు చిత్తడిని తవ్వించి ఓడలు నిలిచే కొలను చేయించింది. నైరుతి అలలు ముఖద్వారాన్ని కొట్టకుండా రెండు పాత ఓడలను ముంచేసి అడ్డుకట్ట చేశారని తాత కూడా చెప్పేవాడు. నేను అది కట్టుకథ అనుకునేదాన్ని, తరవాత చదివితే నిజమేనని తెలిసింది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. తాత పనిలో చేరేనాటికి రాయిని బుట్టలకెత్తి, నెత్తిన మోసి, బల్ల మీదుగా నడిచి ఓడలో పోసేవారు. ఆడవాళ్లూ మోసేవారు. ఎర్రమట్టి చెమటకు తడిసి ముఖాల మీద చారలు కట్టేదట. స్వాతంత్ర్యం వచ్చాక బస్తర్ కొండల్లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపే ఒప్పందం కుదిరింది. ఆ గనుల దగ్గరి కిరండూల్ నుంచి మా ఊరి దగ్గరి కొత్తవలసకు కొండలు తొలిచి రైలుమార్గం వేశారు. 1965లో ఖనిజం ఎత్తే యంత్రాలు హార్బరులోకి వచ్చాయి. బుట్టల పని అక్కడితో పోయింది. తాత బస్తాల వైపు మారాడు. ఇంట్లో ఉన్న కొక్కెం ఆ మార్పు తరవాతది.

ఒక పదమూడేళ్ల కుర్రవాడిని ఊరి నుంచి తరిమిన దేశానికి, ఆ కుర్రవాడే పెద్దవాడై తన నెత్తి మీద ఇనుము మోసి పంపడం, ఆ కూలితోనే మా నాన్నను చదివించడం, దీన్ని ఏ అద్దాల పెట్టెలో పెట్టి చూపగలం? కానీ ఆ బాంబును చూడకపోతే తాత నోట ఆ వాక్యం వచ్చేది కాదు. మ్యూజియం చేసే పని అదేనని నాకు చాలా ఏళ్ల తరవాత అర్థమైంది.

మ్యూజియంలో రెండో భాగం నౌకాదళానిది, సముద్రయానానిది. ఓడల నమూనాలు, దిక్సూచులు, నౌకాయానంలో వాడే కొలత పరికరాలు, ఆయుధాల నమూనాలు, నావికుల దుస్తులు. తాత ఇక్కడ ఉత్సాహంగా మారిపోయాడు. ఓడ నమూనా కనిపిస్తే చాలు, అద్దానికి ముక్కు ఆనించి లోపలి మూతలు ఎక్కడున్నాయో వెతికేవాడు. "బయటోడికి ఓడంటే పొగగొట్టం. మనకి ఓడంటే ఆ మూత కింద చీకటి" అనేవాడు. ఆ చీకట్లోకి నిచ్చెన మీద దిగి, పైనుంచి క్రేను వల కిందికి వస్తుంటే పక్కకు తప్పుకునే పద్ధతి, బస్తాల దొంతరలో ఏది ముందు లాగితే ఏది జారుతుందో చూసుకునే పద్ధతి, అన్నీ ఆ నమూనా మీద వేలితో చూపించాడు. మా పక్కన నిలబడిన ఒక కుటుంబం కూడా వింటూ ఉండిపోయింది.

ఓడ నమూనాలను చూస్తుంటే మా వీధిలోని ప్రతి ఇంటికీ ఏదో ఒక ఓడతో చుట్టరికం ఉందని గుర్తుకొచ్చింది. మా మేనమామ షిప్‌యార్డులో వెల్డరు. ఆ యార్డుకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ దాన్ని కట్టింది. అందులో తయారైన జలఉష అనే ఓడను 1948 మార్చి 14న నెహ్రూ గారు నీటిలోకి దింపారు. ఆ రోజు తాత పనికి సెలవు పెట్టి వెళ్లి చూశాడు. స్వతంత్ర భారతంలో కట్టి నీళ్లలోకి దింపిన తొలి పెద్ద ఓడ అది. మామ్మ పుట్టింటివాళ్లు రంగం వెళ్లి వచ్చినవాళ్లు. రంగం అంటే రంగూన్. విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి వేలమంది తెలుగువాళ్లు కూలికోసం బర్మా వెళ్లారు. అక్కడివాళ్లు మనవాళ్లను కోరంగీలని పిలిచేవారు, గోదావరి ముఖద్వారపు కోరంగి రేవు పేరు మీదుగా. మామ్మ తండ్రి తెచ్చిన టేకు పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో బియ్యం పెట్టెగా ఉంది. తాత కొక్కెం పిడి కూడా ఆ పెట్టె మూతలో విరిగిన చెక్కతో చేయించుకున్నదే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఈ చుట్టరికం రెండు వేల ఏళ్లది. భీమిలి దారిలో ఉన్న తొట్లకొండ మీద బౌద్ధ ఆరామం ఉన్నట్టు మొదట కనిపెట్టింది నౌకాదళం వాళ్లు చేసిన సర్వేలోనే. తరవాత పురావస్తు శాఖ తవ్వితే అక్కడ శాతవాహనుల సీసపు నాణేలూ, రోమన్ వెండి నాణేలూ బయటపడ్డాయి. రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మను నాణెం మీద ముద్రించుకున్న రాజులు శాతవాహనులు. ఓడను డబ్బు మీద వేసుకున్నారంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు బాగా తెలుసన్నమాట.

1971 యుద్ధం గురించి మా ఇంట్లో చెప్పుకునే కథ చిన్నదే. డిసెంబరు 3 రాత్రి ఊరంతా దీపాలు ఆర్పేశారు. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద శబ్దం వచ్చి కిటికీలు గడగడలాడాయి. పొద్దున చేపలకు వెళ్లిన జాలరులు నీళ్ల మీద నూనె తెట్టునూ, తేలుతున్న శకలాలనూ చూసి నౌకాదళానికి చెప్పారు. హార్బరు ముఖద్వారానికి కాస్త దూరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందని తరవాత లోకానికి తెలిసింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన పేలుడు పదార్థాల వల్ల మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. దాని కడుపులోనే పేలుడు జరిగిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా బీచ్ రోడ్డులో 1996లో స్మారకం కట్టారు. డిసెంబరు 4న అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. తాత ఎప్పుడు ఆ దారిన వెళ్లినా చెప్పులు విడిచి ఒక్క క్షణం నిలబడేవాడు. మనవాళ్ల కోసమా, మునిగినవాళ్ల కోసమా అని ఒకసారి అడిగాను. "సముద్రంలో పోయినోడికి ఊరేటమ్మా" అన్నాడు.

ఇక కుర్సుర. విశాఖ మ్యూజియానికి కొద్ది దూరంలోనే, ఇసుక మీద నిలబెట్టిన ఆ జలాంతర్గామిని చూడని విశాఖ పిల్లవాడు ఉండడు. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విశ్రమించే వరకు 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. ఆ తరవాత దాన్ని ముక్కలు చేసి ఇనుము కింద అమ్మేయకుండా ఒడ్డుకు లాగి మ్యూజియం చేయాలని నిర్ణయించడం ఈ ఊరి అదృష్టమని నేను గట్టిగా నమ్ముతాను. 91 మీటర్ల పొడవున్న ఉక్కు చేపను నీళ్లలోంచి ఇసుక మీదికి, ఇసుక మీద నుంచి కాంక్రీటు దిమ్మెల మీదికి లాగుతుంటే ఊరు ఊరంతా సాయంత్రాలు బీచ్ రోడ్డు మీదే ఉండేది. నేను ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్లేదాన్ని. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె, "ఈరోజు ఎంత జరిగిందమ్మా?" అని నన్నే అడిగేది. 2002 ఆగస్టు 9న దాన్ని అంకితం చేశారు. అదే నెల 24 నుంచి ప్రజలను లోపలికి అనుమతించారు.

ఆ ఏడాది చివర్లో తాతను తీసుకువెళ్లాను. ఆయనకు డెబ్బై మూడు. మోకాళ్లు సహకరించేవి కావు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లాలంటే గుండ్రటి చిన్న ద్వారంలోంచి ముందు కాలు పెట్టి, తల వంచి, ఆ తరవాత రెండో కాలు తీయాలి. గైడుగా ఉన్న రిటైర్డ్ నావికుడు ఒకాయన తాతను వద్దని వారించబోయి, ఆయన ఆ ద్వారం అంచును పట్టుకున్న తీరు చూసి ఆగిపోయారు. "మీరు ఓడల మీద చేశారా బాబాయిగారూ?" అని అడిగారు. "హార్బరులో" అన్నాడు తాత. అంతే, ఆ తరవాత వాళ్లిద్దరూ నన్ను మరచిపోయారు.

లోపల డీజిలు వాసన అప్పటికి ఇంకా పోలేదు. గోడలన్నీ గొట్టాలు, మీటలు, చక్రాల్లాంటి వాల్వులు. ఎటు చూసినా అరచేయి పెట్టడానికి ఖాళీ గోడ కనిపించదు. ముందు గదిలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక గదిలో నాలుగు. మొత్తం ఇరవై రెండు టార్పెడోలు మోసేదట. నీటి పైన ఉన్నప్పుడు డీజిలు ఇంజన్లు నడిచి బ్యాటరీలను నింపుతాయి. మునిగాక ఆ బ్యాటరీలతోనే మోటార్లు తిరుగుతాయి. గైడు చెబుతూ ఉంటే తాత మధ్యలో ఆపి ఒకే ప్రశ్న వేశాడు: "ఇందులో అన్నం ఎక్కడ వొండుకున్నారు?" ఆయన చూపించిన చోటు మా ఇంటి తులసికోట గట్టంత ఉంది. అందులో డెబ్బై అయిదు మందికి వంట. తాగే నీటికే లెక్క ఉండే ఆ గొట్టంలో స్నానం అనే మాటే లేదు. మనిషి పక్కకు తిరగాలంటే పై పడకకు భుజం తగులుతుంది. టార్పెడోల పక్కనే పడకలు. తాత ఒక పడక అంచును అరచేత్తో రెండుసార్లు నిమిరాడు, నిద్రపోతున్న పిల్లవాడిని లేపకుండా నిమిరినట్టు.

బయటికి వచ్చాక ఇసుక మీద కూర్చుని, చాలాసేపటికి, "మనం చీకట్లోకి దిగినా సాయంత్రానికి పైకొచ్చీవోళ్లం" అన్నాడు. ఆ తరవాత ఏడాదిన్నరకే వెళ్లిపోయాడు.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న ఊరిని తాకినప్పుడు, గాలి తగ్గాక అందరూ తమ తమ ఇళ్ల పైకప్పుల సంగతి చూసుకుంటుంటే నాకు మనసంతా బీచ్ రోడ్డు మీదే ఉంది. చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. వెళ్లేసరికి రెండు రోజులు పట్టింది. చుట్టూ అంతా చెదిరిపోయిన చోట కుర్సుర తన దిమ్మెల మీద అలాగే నిలబడి కనిపించింది. ఆ క్షణంలో నాకు కలిగిన నిబ్బరాన్ని మాటల్లో పెట్టలేను. అయితే దానికి తుపానుకన్నా నెమ్మదైన శత్రువు మరొకటి ఉంది. ఈ తీరంలో నైరుతి గాలుల కాలంలో అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. పెద్ద ఓడల కోసం 1976లో ఏర్పడిన బయటి హార్బరు గోడలు ఆ ఇసుకను దారిలో ఆపేస్తాయి. దాంతో ఉత్తరాన, కుర్సుర నిలబడి ఉన్న రామకృష్ణా బీచ్‌కు రావలసిన ఇసుక అందదు, ఉన్నది మాత్రం అలలు పట్టుకుపోతూ ఉంటాయి. అందుకే పోర్టు వాళ్లు ఆగిన ఇసుకను డ్రెడ్జరుతో తోడి తెచ్చి బీచ్ ముందు పోయిస్తుంటారు. సముద్రంలో నిలబడిన డ్రెడ్జరు ఇసుక నీళ్లను ఇంద్రధనుస్సులా ఎగజిమ్మే దృశ్యం చూడటానికి అందంగా ఉంటుంది. అది కుర్సుర కాళ్ల కింద నేలను నిలబెట్టే పని అని తెలిసినవాళ్లకు ఇంకా బాగుంటుంది.

తరవాత్తరవాత ఆ చోటు విస్తరించింది. రోడ్డుకు ఆవలి పక్క టీయూ 142 విమానం వచ్చింది. సముద్రం మీద గంటల తరబడి ఎగిరి జలాంతర్గాముల జాడ పట్టిన ఆ విమానాన్ని 2017 మార్చిలో సేవ నుంచి తప్పించారు. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క ప్రమాదమూ లేకుండా ముప్పై వేల గంటలు ఎగిరిన జాతి అది. దాన్ని విడదీసి, బీచ్‌కు తెచ్చి, మళ్లీ కూర్చారు. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఆ పక్కన ఇప్పుడు నౌకాదళ హెలికాప్టరు కూడా ఉంది. మా అమ్మాయికి విమానమే ఇష్టం. ఒకే ఇరుసు మీద ఒకటి అటూ ఒకటి ఇటూ తిరిగే ప్రొపెల్లర్ల జంటల దగ్గర నిలబడి అరగంట ప్రశ్నలు వేసింది. పిల్లలకు ఏది నచ్చితే అదే దారి. నాకూ మొదట గడ్డి కూరిన జంతువులే కదా నచ్చినవి.

అయినా ప్రతిసారీ నేను విశాఖ మ్యూజియంలో మరొకదాని కోసం వెతుకుతాను. రాజుల కత్తి ఉంది, అధికారి టోపీ ఉంది, యుద్ధనౌక నమూనా ఉంది. ఇవన్నీ ఉండవలసినవే; ఈ ఊరు తూర్పు నౌకాదళ కేంద్రం, ఆ సేవకు ఎంత స్థలం ఇచ్చినా తక్కువే. కానీ మేకు ఒక్కటీ కొట్టకుండా, పలకలకు రంధ్రాలు వేసి కొబ్బరిపీచు తాడుతో కుట్టిన పడవ ఒకటి నిలువెత్తున ఉండాలని నాకు ఆశ. హార్బరు లేని రోజుల్లో నడిసముద్రంలో ఆగిన ఓడల నుంచి మనుషులనూ సరుకునూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చింది అలాంటి పడవలే. మేకులతో బిగించిన పడవ ఈ అలల దెబ్బకు చీలిపోతుంది. కుట్టిన పడవ దెబ్బకు కాస్త వంగి, మళ్లీ సర్దుకుంటుంది. నాలుగైదు దుంగలను తాళ్లతో కట్టిన జాలరి తెప్ప ఉండాలి. వేట నుంచి రాగానే ఆ కట్లు విప్పి దుంగలను ఇసుక మీద విడివిడిగా ఎండబెట్టుకోవడం నా చిన్నతనంలో జాలారిపేటలో రోజూ చూసేదాన్ని. ఇప్పుడు అంతా ఫైబరు బోట్లే. ఖనిజం మోసిన ఒక వెదురు బుట్ట ఉండాలి. తలపాగా చుట్ట ఒకటి ఉండాలి. వాటి పక్కన అవి ఎలా పనిచేసేవో నాలుగు ముక్కలు ఉండాలి.

కొక్కెం మ్యూజియానికి ఇవ్వాలని నిర్ణయించుకుని నేను ఒక కాగితం రాశాను. రాయడం మొదలుపెట్టాకే నాకు ఎంత తక్కువ తెలుసో తెలిసివచ్చింది. కమ్మరి ఎవరో తెలియదు. పూర్ణా మార్కెట్టు వెనక కొలిమిలో కొట్టించానని తాత అన్నట్టు నాన్నకు లీలగా గుర్తు. అందుకని తెలిసినవే రాశాను. చేతి కొక్కెం. ఇనుము, బర్మా టేకు. పొడవు జానెడు. గోనె బస్తాకు మూలన కుట్టు పక్కగా గుచ్చాలి. మధ్యలో గుచ్చితే సంచి చిరుగుతుంది, సరుకు కారుతుంది, కూలి కోస్తారు. గోధుమ బస్తాకు లోతుగా, చక్కెర బస్తాకు పైపైన. తాత పేరు, ఆయన బిళ్ల నంబరు, ఆయన పని చేసిన ఏళ్లు. 1942లో ఊరు వదిలి వెళ్లినవాడనీ, జపాను ఓడలకు రాయి ఎత్తినవాడనీ కూడా రాశాను. బాంబు ఉన్న చోటికి దగ్గరలో పెడితే బాగుంటుందని చివర ఒక విన్నపం చేర్చాను.

కాగితం అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, మామగారి పేరు ముందు శ్రీ పెట్టమంది. పెట్టాను. ఆ తరవాత లేచి వెళ్లి తలుపు వెనక నుంచి కొక్కెం తీసి, కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందు పెట్టింది. ఈ ఊరి ఉప్పుగాలికి ఇనుము వారం తిరక్కుండానే ఎర్రబడుతుంది. ఆదివారం ఆదివారం తాత పీటమీద కూర్చుని, పాత బనీను ముక్కను నూనెలో ముంచి, మొన నుంచి కాడ దాకా, ఆ తరవాత పిడి పల్లాల్లోకి ఒక్కో వేలూ పెట్టి రుద్దేవాడు. వాళ్లు తీసుకున్నాక ఎవరు రాస్తారో అడిగి రమ్మంది అమ్మ. అది కూడా కాగితం చివర రాశాను.